బైపోలార్ మాత్రలకు తోడుగా ఏది పనికొస్తుంది, ఏది ముంచుతుంది: బెజవాడ, గుంటూరు వాళ్ళకు ఒక పోలిక

ఇంట్లో ఒకరికి బైపోలార్ (మనసు కొన్నాళ్ళు మితిమీరి పైకి లేచి, కొన్నాళ్ళు కుంగిపోయే జబ్బు) అని తెలిసిన నెలలోపే సలహాలు వరస కడతాయి. సరస్వతి ఆకు లేహ్యం వాడమని ఒకరు, హోమియోలో నెమ్మదిగా వేళ్ళతో సహా పోతుందని మరొకరు, ఉప్పూ నూనే మానేసి పది రోజులు ప్రకృతి వైద్యం చేయించమని ఇంకొకరు. మేనత్త ఈసారి భవానీ మాల వేయిద్దాం అంటుంది. అందరిదీ ప్రేమే. కానీ వీటిలో కొన్ని నిజంగా పనికొస్తాయి, కొన్ని డబ్బు ఖర్చుతో పోతాయి, కొన్ని మనిషిని ఎమర్జెన్సీ వార్డుకు చేరుస్తాయి. ఏది ఏదో తేలాలంటే ముందు వేసుకుంటున్న మాత్ర పేరు తెలియాలి.

మాత్రలు మానేసి వీటిలో ఒకటి పట్టుకోవడం అనే దారిని ఈ పోలికలో పెట్టలేదు. మూడ్ స్టెబిలైజర్ (మనసును నిలకడగా ఉంచే మాత్ర) ఉన్నట్టుండి ఆపితే, అందులోనూ లిథియం ఆపితే, జబ్బు తిరగబెట్టే ముప్పు బాగా పెరుగుతుంది. ఆత్మహత్య ముప్పూ పెరుగుతుంది. లిథియం తప్పనిసరిగా ఆపాల్సి వచ్చినా డాక్టర్లు కనీసం 4 వారాలు, వీలైతే 3 నెలలు తీసుకుని కొంచెం కొంచెంగా తగ్గిస్తారు.

## ఏ సలహా వచ్చినా అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

ఇది మా మాత్రతో గొడవ పడుతుందా? నిద్ర తగ్గిస్తుందా? ఏ దశకు పనికొస్తుంది, పైకి లేచే దశకా, కుంగిపోయే దశకా? ఎంతకాలంలో తేడా కనపడాలి, కనపడకపోతే ఆపడం తేలికేనా?

రెండో ప్రశ్నను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మేనియాకు, అంటే పైకి లేచే దశకు, నిద్ర తగ్గడం లక్షణం మాత్రమే కాదు, కారణం కూడా. మూడు నాలుగు గంటలే పడుకుని హుషారుగా లేస్తున్న మనిషిని చూసి "ఆ మందు బాగా పనిచేస్తోంది" అనుకునే ఇళ్ళున్నాయి. అది బాగుపడటం కాదు, పైకి లేవడం మొదలైందన్నమాట.

మూడో ప్రశ్న కూడా అంతే ముఖ్యం. మామూలు డిప్రెషన్‌కు మంచిదని పేరున్న మందు, మూలిక ఏదైనా బైపోలార్ ఉన్నవాళ్ళను మేనియాలోకి తోయవచ్చు. ఇంటర్నెట్‌లో తెప్పించుకునే సెయింట్ జాన్స్ వర్ట్, శామ్-ఈ అనే మాత్రలు ఈ కోవకే వస్తాయి. సెయింట్ జాన్స్ వర్ట్ బైపోలార్‌కు రాసే క్వెటియాపిన్ వంటి మందులను కాలేయం త్వరగా ఖర్చు చేసేలా కూడా చేస్తుంది. అంటే వేసుకునే మాత్ర అదే, రక్తంలో మిగిలేది తక్కువ.

## మీ చీటీలో లిథియం ఉందా

ఉంటే మిగతా పోలికంతా మారిపోతుంది. లిథియం రక్తంలో సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్స్ దాకా ఉండాలి. 1.5 దాటితే విషలక్షణాలు మొదలవుతాయి. మందుకూ విషానికీ మధ్య ఇంత ఇరుకు సందున్న మాత్రలు తక్కువ.

మూత్రపిండాలు సోడియాన్నీ లిథియాన్నీ దాదాపు ఒకే తీరుగా చూస్తాయి. ఒంట్లో ఉప్పు తగ్గినా నీరు తగ్గినా అవి సోడియాన్ని బయటికి పోనివ్వకుండా వెనక్కి లాక్కుంటాయి, దాంతోపాటు లిథియమూ వెనక్కి వస్తుంది. మోతాదు మారకుండానే రక్తంలో లెవెల్ పెరుగుతుంది. అందుకే ఉపవాసం, ఉప్పు లేని తిండి, విరేచనాలు, ఎనిమా, ఆవిరి స్నానం, రోహిణి కార్తె ఎండ, వీటన్నిటి దెబ్బా ఒకటే. కాఫీ దీనికి తిరగబడుతుంది. కాఫీ లిథియాన్ని బయటికి పంపుతుంది కాబట్టి, రోజుకు నాలుగు కప్పులు తాగేవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే లెవెల్ పైకి పోతుంది.

మందుల షాపులో అడగ్గానే ఇచ్చే ఒళ్ళునొప్పుల మాత్రలు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్ కూడా లిథియాన్ని పెంచుతాయి. నొప్పికీ జ్వరానికీ పారాసిటమాల్ అడగండి. బీపీకి టెల్మిసార్టన్, రామిప్రిల్, హైడ్రోక్లోరోథయాజైడ్ రాసే డాక్టరుకు లిథియం సంగతి ముందే చెప్పాలి.

చేతులు బాగా వణకడం, అడుగు తూలడం, మాట ముద్దగా రావడం, వాంతులు, నీళ్ళ విరేచనాలు, మగత కనపడితే తర్వాతి మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి లెవెల్ చూపించాలి. మామూలు పరీక్షకైతే రక్తం మాత్ర వేసుకున్న 12 గంటలకు ఇవ్వాలి. రాత్రి 9కి వేసుకుంటే పొద్దున 9కి. ఉదయం మోతాదు కూడా ఉంటే రక్తం ఇచ్చాకే అది వేసుకోవాలి. ముందే వేసుకుని వెళ్తే లెవెల్ ఎక్కువ చూపిస్తుంది, ఆ అంకె చూసి మోతాదు తగ్గిస్తే జబ్బు తిరగబెడుతుంది.

మిగతా మాత్రల సంగతి క్లుప్తంగా: వాల్ప్రోయేట్‌తో కాలేయం మీద కన్నుండాలి. లామోట్రిజిన్ 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారాల తరబడి పెంచుతారు, వాల్ప్రోయేట్ కూడా వాడుతుంటే ఇంకా నెమ్మదిగా. ఒంటిమీద దద్దుర్లు లేస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఐదారు రోజులు వేసుకోవడం తప్పితే పాత మోతాదు మళ్ళీ ఎత్తుకోకూడదు, డాక్టరును అడిగి మొదటినుంచి రావాలి. ఓలాంజపిన్, క్వెటియాపిన్‌లతో బరువు, షుగరు పెరుగుతాయి.

## ఒక్క చూపులో

| తోడు మార్గం | ఏ దశకు | ఆధారం | లిథియం వాడేవాళ్ళకు | నిద్ర మీద |
|---|---|---|---|---|
| వేళలు కట్టడి చేసుకోవడం | రెంటికీ, తిరగబెట్టకుండా | గట్టిది | ఇబ్బంది లేదు | మేలు |
| ఇంటివాళ్ళకు శిక్షణ | రెంటికీ | గట్టిది | ఇబ్బంది లేదు | మేలు |
| నెమ్మది ఆసనాలు, నడక | కుంగుబాటు, ఆందోళన | కొంత | చెమటతో జాగ్రత్త | మేలు |
| భస్త్రిక, కపాలభాతి | దేనికీ వద్దు | లేదు | - | చెడు |
| చేపనూనె | కుంగుబాటు | ఓ మోస్తరు | ఇబ్బంది లేదు | తేడా లేదు |
| మధ్యాహ్నపు వెలుగు | కుంగుబాటు | ఓ మోస్తరు | ఎండదెబ్బతో జాగ్రత్త | వేళ తప్పితే చెడు |
| అశ్వగంధ | స్పష్టత లేదు | చాలా కొద్ది | థైరాయిడ్ చూడాలి | మనిషిని బట్టి |
| ఉపవాసం, ఉప్పు మానడం | దేనికీ కాదు | లేదు | ప్రమాదం | చెడు |
| హోమియో | దేనికీ తేలలేదు | లేదు | మాత్ర ఆపమంటే ప్రమాదం | తేడా లేదు |

## డబ్బు పెట్టక్కర్లేనిదే ముందు

మందుల తర్వాత ఎక్కువ నమ్మకంగా చెప్పగలిగినది రోజువారీ వేళల చికిత్స. దీనిలో ఐదు వేళలు రాసుకుంటారు: మంచం దిగిన వేళ, ఇంకో మనిషితో మొదటిసారి మాట్లాడిన వేళ, పని మొదలైన వేళ, రాత్రి భోజనం, పడుకున్న వేళ. రోజుకూ రోజుకూ మధ్య తేడా 45 నిమిషాలు దాటకుండా చూసుకోవడం లక్ష్యం. ముందు లేచే వేళను ఖాయం చేయండి, పడుకునే వేళ దానంతట అదే దారికొస్తుంది. తిరగేసి చేస్తే కుదరదు, ఎందుకంటే నిద్ర రమ్మంటే రాదు, లేవడం మాత్రం మన చేతిలో ఉంటుంది.

మనవైపు ఇది చెడేది ఎక్కువగా పెళ్ళిళ్ళలో. రాత్రి 2 గంటల ముహూర్తం, తెల్లవారుజామున అప్పగింతలు, మర్నాడు వ్రతం. హైదరాబాదుకు రాత్రి బస్సులు, శివరాత్రి జాగారం కూడా అంతే. దగ్గరివాళ్ళ పెళ్ళి తప్పదు కాబట్టి, జీలకర్ర బెల్లం దాకా ఉండి పక్కగదిలో పడుకునే ఏర్పాటు ముందే చేయండి, రాత్రి మాత్ర ఎప్పటి వేళకే వేయండి. ఊరి ప్రయాణం పగటి రైలుకు మార్చండి.

సాయంత్రం వెలుతురు తగ్గించడం దీనిలో భాగమే. నార్వేలో మేనియాతో ఆసుపత్రిలో ఉన్నవాళ్ళకు సాయంత్రం 6 నుంచి ఉదయం 8 దాకా వారం రోజులపాటు నీలికాంతిని ఆపే నారింజ రంగు కళ్ళద్దాలు పెట్టి చూశారు. 2016లో వెలువడ్డ ఆ ఫలితాల్లో మందులతోపాటు అద్దాలు పెట్టుకున్నవాళ్ళ మేనియా త్వరగా తగ్గింది. ఇంట్లోనైతే రాత్రి 8 తర్వాత ట్యూబ్‌లైటు ఆపి మసక బల్బు వేయడం, ఫోను వేరే గదిలో ఛార్జింగుకు పెట్టడం ఎవరైనా చేయగలరు.

రెండోది ఇంటివాళ్ళకు శిక్షణ. మంచి కార్యక్రమాలు 21 సెషన్ల దాకా, తొమ్మిది నెలల దాకా నడుస్తాయి. అన్ని దొరక్కపోయినా నాలుగైదు సెషన్లలో నేర్చుకోవాల్సినవి రెండు: ఈ మనిషికి పైకి లేచే ముందు కనపడే గుర్తులు, అవి కనపడ్డప్పుడు ఎవరు ఏం చేయాలి. గుర్తులు మనిషి మనిషికీ వేరు. ఒకరు అర్ధరాత్రి పాత స్నేహితులకు ఫోన్లు చేస్తారు, ఒకరు అమరావతి దగ్గర ప్లాటుకు అడ్వాన్సు ఇచ్చి వస్తారు. బాగున్న రోజుల్లోనే కూర్చుని యూపీఐ పరిమితి తగ్గించడం, పెద్ద మొత్తం దాటితే ఇద్దరి సంతకం, డాక్టరుకు ఫోను చేసే హక్కు అన్నకో భార్యకో ఇవ్వడం ఒప్పుకుని కాగితం మీద రాసుకోండి. మేనియా మొదలయ్యాక ఆ మాట ఎత్తితే గొడవే మిగులుతుంది.

గుంటూరు జీజీహెచ్, విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్‌ల సైకియాట్రీ ఓపీల్లో ఈ శిక్షణ గురించి అడగవచ్చు. ప్రైవేటు కౌన్సెలరైతే క్లినికల్ సైకాలజిస్టుగా రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే ఆర్‌సీఐ నమోదు నంబరు ఉందా చూడండి. గోడమీద సర్టిఫికెట్లు ఎన్నున్నా ఆ నంబరే లెక్క.

## ప్రకృతి వైద్యం, ఉపవాసం, దీక్షలు

మన జిల్లాల్లో ప్రకృతి వైద్యానికి ఉన్న ఆదరణ చిన్నది కాదు. షుగరు, బరువు ఉన్న చాలామందికి ఆ కూరగాయల భోజనం మేలే చేస్తుంది. ఓలాంజపిన్‌తో పది కిలోలు పెరిగిన మనిషికి కూడా ఆ తిండిలో మంచి ఉంది: నూనె తక్కువ, ఆకుకూర ఎక్కువ, రాత్రి భోజనం పెందలాడే.

లిథియం వాడేవాళ్ళకు మాత్రం ఇది వేరే సంగతి. ఉప్పు మానడం, రసాలతో ఉపవాసం, రోజూ ఎనిమా, ఆవిరి పెట్టె, ఈ నాలుగూ ఒక్కొక్కటీ లెవెల్ పెంచేవే, ప్రకృతి వైద్య కేంద్రంలో నాలుగూ ఒకే వారంలో జరుగుతాయి. ఆయుర్వేద పంచకర్మలో వమనం, విరేచనం కూడా ఇంతే. నూనెతో, సూపులతో చేసే కీటో తరహా డైట్లు మొదటి వారాల్లో ఒంట్లోని నీటినీ ఉప్పునూ బయటికి తోస్తాయి కాబట్టి అవీ ఇదే లెక్క. చేరాలనే ఉంటే ఉప్పు మానడం, ఉపవాసం, ఎనిమా వద్దని ముందే రాతపూర్వకంగా చెప్పి, వెళ్ళిన వారానికి లెవెల్ చూపించుకోండి. అక్కడి వైద్యులు ప్రకృతి వైద్యంలో ఐదున్నరేళ్ళ డిగ్రీ బీఎన్‌వైఎస్ చదివినవాళ్ళయితే ఈ మాట వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. అర్థం కాకపోతే ఆ చోటు మీకు కాదు.

ఉప్పు ఎక్కువ తినమని దీని అర్థం కాదు. రోజూ తినేది ఒకే తీరుగా ఉండాలి. కొత్తావకాయ పెట్టిన వారం మూడుపూటలా అదే వేసుకుని, ఆ తర్వాత బీపీ భయంతో పచ్చడి ముట్టకపోతే లెవెల్ ముందు దిగి తర్వాత ఎక్కుతుంది.

భవానీ, అయ్యప్ప దీక్షలు 41 రోజులు. వేకువనే చన్నీళ్ళ స్నానం, నేలమీద పడక, ఒంటిపూట భిక్ష, రాత్రి పొద్దుపోయేదాకా భజన. భక్తి తప్పని ఎవరూ అనరు, చాలామందికి దీక్షలో మద్యం మానడం, తోడు దొరకడం మేలు చేస్తాయి. ఇబ్బంది నిద్రతో, ఉపవాసంతో, మధ్యలో మానేసే మాత్రతో వస్తుంది. గురుస్వామితో ముందే మాట్లాడండి: "స్వామీ, వీడు మాత్రలు వేసుకోవాలి, రాత్రి పదికల్లా పడుకోవాలి, రెండుపూటలా తినాలి." ఒప్పుకునే గురుస్వాములు ఉన్నారు. రంజాన్‌లో లిథియం వాడే ముస్లిం సోదరులు ఉపవాసాలకు నెల ముందే డాక్టరును కలిసి ఉండవచ్చా లేదా, ఉంటే మాత్ర వేళ ఎలా మార్చాలో తేల్చుకోవాలి. గుణదల మాత దగ్గరికో దర్గాకో వెళ్ళి మొక్కుకోవడంలో ఏ హానీ లేదు, అక్కడ మాత్ర ఆపించనంతవరకూ.

## యోగా, ధ్యానం

యోగా అంటే ఒకటి కాదు. నెమ్మదిగా చేసే ఆసనాలు, నాడీశోధన, శవాసనం వారంలో నాలుగైదు రోజులు అరగంట చేస్తే ఆందోళన తగ్గుతుంది, నిద్ర బాగుపడుతుంది. భస్త్రిక, కపాలభాతి వంటి వేగపు శ్వాసలు ఒంటిని ఉరకలెత్తిస్తాయి, బైపోలార్ ఉన్నవాళ్ళలో కొందరు వీటితో చిరాకూ హుషారూ పెరిగాయని చెప్పారు. టీచరుకు జబ్బు పేరు చెప్పడం ఇష్టం లేకపోతే "నాకు వేగపు ప్రాణాయామం వద్దన్నారు డాక్టరు" అంటే చాలు. క్వెటియాపిన్ వాడేవాళ్ళు తల కిందికి వంచే ఆసనం నుంచి చటుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి, పడిపోయే ముప్పుంది.

పది రోజుల మౌన ధ్యాన శిబిరాల్లో తెల్లవారి 4 గంటలకు గంట మోగుతుంది, రోజుకు పది గంటలదాకా కూర్చోవాలి. బైపోలార్‌లో ఇది మంచి ఎంపిక కాదు. దరఖాస్తులో మానసిక జబ్బు గురించి అడిగే గడిని ఖాళీగా వదలకండి. వారానికొక క్లాసు చొప్పున 8 వారాలు నడిచే మైండ్‌ఫుల్‌నెస్ ఆందోళనను తగ్గిస్తుంది, జబ్బు తిరగబెట్టకుండా ఆపుతుందని మాత్రం తేలలేదు.

## చేపనూనె, వెలుగు

చేపనూనెలో పనిచేసేది ఎక్కువగా ఈపీఏ అనే ఒమేగా-3 కొవ్వు. అది కుంగుబాటుకు ఓ మోస్తరు సాయం, మేనియాకు కాదు. మోసపోయేది లెక్కలో. సీసామీద 1000 మిల్లీగ్రాములని ఉంటుంది, వెనక చిన్న అక్షరాల్లో చూస్తే మామూలు కాప్స్యూల్‌లో ఈపీఏ 180, ఇంకో ఒమేగా-3 అయిన డీహెచ్ఏ 120 మిల్లీగ్రాములే. పరీక్షల్లో వాడిన గ్రాము ఈపీఏ రావాలంటే అలాంటివి రోజుకు ఐదారు మింగాలి. ఒక్కటి మింగి రెండు నెలలు చూసి పనిచేయలేదనడం సరికాదు. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు అడగకుండా మొదలుపెట్టకూడదు. అవిసె గింజల్లో ఉన్నది వేరే రకం, ఒంట్లో చాలా కొద్దిగానే ఈపీఏగా మారుతుంది. చేప తినేవాళ్ళకు బందరు నుంచి వచ్చే కవ్వలు, కానాగంతలు చెరువు బొచ్చెకన్నా ఈ విషయంలో మేలు.

వెలుగు చికిత్సకు పెట్టె కొనక్కర్లేదు. 2018లో వెలువడ్డ ఒక అమెరికా పరీక్షలో బైపోలార్ కుంగుబాటుకు మధ్యాహ్నం పూట 7000 లక్సు (లక్సు వెలుతురుకు కొలత) కాంతి వాడారు, 15 నిమిషాలతో మొదలుపెట్టి గంట దాకా పెంచారు. బెజవాడలో పగటిపూట ఆరుబయట నీడలోనే అంతకన్నా వెలుతురు ఉంటుంది. మధ్యాహ్నమే అని చెప్పడానికి కారణం ఉంది: పొద్దున్నే బలమైన కాంతి కొందరిని మేనియావైపు తిప్పుతుంది. వేసవిలో ఎండలోకి దిగకుండా నీడపట్టునే కూర్చోండి.

## ఆయుర్వేదం, హోమియో

ఆయుర్వేదంలో సహజమైనది కదా అన్న ధీమానే పెద్ద చిక్కు. అశ్వగంధ రోజుకు 500 మిల్లీగ్రాములు 8 వారాలు ఇచ్చిన చిన్న పరీక్షలో బైపోలార్ ఉన్నవాళ్ళ జ్ఞాపకశక్తి పరీక్షలు కొంత మెరుగుపడ్డాయి. మరోవైపు అది థైరాయిడ్‌ను పెంచగలదు, కాలేయం దెబ్బతిన్న సందర్భాలూ నమోదయ్యాయి. లిథియం థైరాయిడ్‌ను తగ్గించే మందు. ఒకటి లాగుతూ ఒకటి తోస్తుంటే థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ అంకె చూసి ఏం తేల్చాలి?

అతిమధురం ఒంట్లో ఉప్పూ నీరూ లెక్క తప్పిస్తుంది, పొటాషియం తగ్గిస్తుంది. మూత్రం జారీ చేసే మూలికలు లిథియానికి పనికిరావు. మలబద్ధకానికి తాగే ఇసబ్‌గోల్ లిథియం ఒంట పట్టడాన్ని తగ్గించవచ్చు, కనీసం రెండు గంటల ఎడం పెట్టండి. సర్పగంధ మన దేశంలో ఉన్మాదానికి పాతకాలం నుంచి వాడినదే, దానిలోని రిసర్పిన్ కుంగుబాటు తేగలదు. అరిష్టాల్లో పులియడం వల్ల సహజంగానే మద్యం ఉంటుంది, క్వెటియాపిన్‌తో కలిస్తే మగత పెరుగుతుంది. భస్మాల్లో సీసం, పాదరసం ఉండవచ్చు, అసలే లిథియం మోస్తున్న మూత్రపిండాలకు అది అదనపు బరువు. లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, దినుసుల పట్టిక లేని పొట్లం తీసుకోకండి. బీఏఎంఎస్ వైద్యుడిని "లిథియం 900 వాడుతున్నానండీ, ఇందులో ఏమేం ఉన్నాయో రాసిస్తారా" అని అడగండి. రాసిస్తే ఆ కాగితం సైకియాట్రిస్టుకు చూపించండి.

బలానికని వేసుకునే మాత్రల్లోనూ ఒక మెలిక ఉంది. 2016లో వెలువడ్డ ఒక పెద్ద పరీక్షలో ఫోలిక్ యాసిడ్ తీసుకున్నవాళ్ళలో లామోట్రిజిన్ మేలు మాయమైనట్టు కనపడింది. లామోట్రిజిన్ వాడుతూ ఫోలిక్ ఉన్న బి-కాంప్లెక్స్ అడగకుండా మొదలుపెట్టకండి.

హోమియో గురించి చెప్పేది తక్కువ. బైపోలార్‌కు పనిచేస్తుందన్న నమ్మదగ్గ ఆధారం లేదు. గోళీలతో పెద్ద హానీ లేదు. "ఇంగ్లీషు మందులు ఆపితేనే ఇది పనిచేస్తుంది" అన్న మాటే హాని. ఆ మాట వినగానే లేచి వచ్చేయండి. ఉన్మాదం నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం.

## మీరెవరైతే ఏది

పెళ్ళయిన, పిల్లలు కావాలనుకుంటున్న స్త్రీలు: వాల్ప్రోయేట్ పిండానికి గట్టి హాని చేస్తుంది, కాబట్టి గర్భం నిలవక ముందే మందు మార్చుకోవాలి. నెల తప్పాక భయంతో ఒక్కసారిగా అన్నీ ఆపడం అంతకన్నా ప్రమాదం. ఈ కాలంలో మూలికలు, లేహ్యాలు ఏవీ వద్దు. వేళలు, ఇంటివాళ్ళ శిక్షణ, నెమ్మది యోగా చాలు.

మిర్చి యార్డులో, కాంక్రీటు పనిలో, ఆటోమీద ఎండలో ఉండేవాళ్ళు లిథియం వాడుతుంటే వేసవికి ముందు, మధ్యలో లెవెల్ చూపించుకోవాలి. ఉప్పేసిన మజ్జిగ సీసా వెంట ఉండాలి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే పైన చెప్పినట్టే తర్వాతి మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

కోచింగ్ హాస్టళ్ళలో ఉన్న ఇంటర్, నీట్ పిల్లలు: ఈ జబ్బు తరచూ బయటపడే వయసు ఇదే. అర్ధరాత్రి దాకా స్టడీ అవర్లు, మళ్ళీ ఐదింటికి లేపడం వీళ్ళకు సరిపడదు. రాత్రి 10కి లైటు తీయాలని డాక్టరు రాసిన చీటీ ఇచ్చి అడగండి, కాదంటే డే స్కాలరుగా మార్చండి. చేపనూనెకన్నా ఆ రెండు గంటల నిద్ర విలువ ఎక్కువ.

మాత్రలతో మేనియా రావట్లేదు గానీ కుంగుబాటు మిగిలే ఉందనేవాళ్ళకు మధ్యాహ్నపు వెలుగు, నడక, చేపనూనె ఈ వరసలో చూడవచ్చు.

## ఎలా మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి

ఒకసారికి ఒక్కటే కలపండి. రెండు కలిపితే మేలు దేనిదో, కీడు దేనిదో తేలదు. మొదలుపెట్టే ముందు రెండు వారాలు, తర్వాత 8 వారాలు నోటుబుక్కులో రోజుకు ఒక గీత: ఎన్ని గంటల నిద్ర, మూడ్ మైనస్ 3 నుంచి ప్లస్ 3 దాకా ఎంత, మాత్ర వేసుకున్నారా. మూడ్ అంకె రోగి ఒకటి, ఇంట్లో ఇంకొకరు ఒకటి విడివిడిగా వేయండి. పైకి లేచేటప్పుడు ఆ రెండు అంకెల మధ్య ఎడం ముందుగా పెరుగుతుంది.

వరసగా రెండు రాత్రులు మామూలుకన్నా రెండు గంటలు తక్కువ పడుకుని కూడా అలసట లేకపోతే కలిపినది ఆపి, మాత్రలు కొనసాగిస్తూ డాక్టరుకు ఫోను చేయండి. చచ్చిపోతాననే మాట వస్తే మనిషిని ఒంటరిగా వదలకుండా, మాత్రల డబ్బా తాళం వేసి, 108కి ఫోను చేయండి లేదా దగ్గర్లోని ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. టెలీ మానస్ నంబరు 14416లో రాత్రీ పగలూ తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. ఓపీకి వెళ్ళేటప్పుడు ఆ నోటుబుక్కు, చివరి లిథియం లెవెల్, టీఎస్‌హెచ్, మూత్రపిండాల పరీక్ష క్రియాటినిన్ కాగితాలు, ఇంట్లో ఉన్న లేహ్యాలు, చూర్ణాలు, సప్లిమెంట్ సీసాలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. డాక్టరు తిడతారని సీసా ఇంట్లో దాచి రావద్దు.